లాక్‌డౌన్‌లో జరగని పెళ్ళి

ఆ ప్లాస్టిక్ కవరుని బిందుమాధవి ఆ వారంలో ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు మడిచిందో ఆమెకే తెలీదు. అందులో ఉన్నవి మూడే కాగితాలు. పదో తరగతి మెమో, ఆధార్ జిరాక్సు, మడత దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉన్న ఇంటర్ హాల్ టికెట్టు. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి మూడూ ఉన్నాయా అని చూసుకునేది. ఉండేవి. అన్నం వార్చి వచ్చి మళ్ళీ చూసుకునేది.

దీనికంతటికీ మూలం దీవెనమ్మ గారు. అనకాపల్లిలో శారదా నది వంతెన దాటాక, టౌనులో కలిసీ కలవనట్టుండే ఆ పేటలో ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ నడిపింది ఆవిడ. అరవై రెండు నిండాయి. దిగిపోయే ముందు ఖాళీ నోటీసుని తన చేత్తోనే సెంటర్ గోడకి మైదాపిండితో అంటించింది. కూతురు బుజ్జిని దింపడానికి వచ్చిన బిందుమాధవిని జబ్బ పట్టుకుని దాని ముందు నిలబెట్టింది. పది పాసై ఉండాలి. పెళ్ళయి ఉండాలి. ఇరవై ఒకటికి తక్కువా ముప్ఫై అయిదుకి ఎక్కువా కాకూడదు. ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలి.

“నాలుగూ నీకున్నాయి కదమ్మా,” అంది దీవెనమ్మ. “పదిలో తొమ్మిదిన్నర పాయింట్లొచ్చిన కోడలు ఈ పేటలో ఇంకెవర్తుందో చూపించు. నాను ప్రార్థన చేత్తాను. నువ్వు అప్లికేషన్ పెట్టు.”

బిందుమాధవి ఆ నోటీసుని అక్కడే మూడుసార్లు చదివింది. ఇంటికొచ్చాక, సరిగ్గా చదివానా లేదా అని అనుమానం వచ్చి, బుజ్జి నీళ్ళ సీసా మర్చిపోయిందన్న వంకతో మళ్ళీ వెళ్ళి చదివింది.

ఆమె కంగారుకి కారణం ఉంది. భర్త కిరణ్ ఐటీఐ చదివిన ఫిట్టరు. అయిదేళ్ళ నుంచీ ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు. ఏటేటా పర్మనెంటు చేస్తామంటారు, ఏటేటా కాంట్రాక్టరు పేరు మారుతుంది. అటువైపు ఎక్కడ రియాక్టరు పేలిందని ఫోన్లలో వార్తొచ్చినా, అది ఏ ఫ్యాక్టరీయో తెలిసేదాకా బిందుమాధవి చేతిలో ఏ పనీ సాగదు. హైదరాబాద్‌లో అతని బావ దేవీప్రసాద్ ఉన్నాడు. కంపెనీ రోల్సు మీద పర్మనెంటు ఉద్యోగం ఒకటి చూశాను, ఒకటో తారీకుకల్లా వచ్చి చేరమని నెల నుంచీ ఫోన్లు చేస్తున్నాడు. వెళ్తే ముగ్గురూ వెళ్ళాలి. ఇక్కడొకటి అక్కడొకటిగా రెండు కాపురాలు నడిపే స్తోమత లేదు. కిరణ్ తండ్రి పోతురాజు మావయ్య పొలం దగ్గరే ఉంటూ చెరుకు వేసే అరెకరం ఉంది గానీ, పంచదార ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చెరుకు ఎవరి గానుగకి పోతుందో, ఏ రేటు పలుకుతుందో కోసేదాకా తెలీదు.

హైదరాబాద్ పేరెత్తితే బిందుమాధవికి దేవీప్రసాద్ పెద్దకూతురే గుర్తొస్తుంది. ఆ పిల్ల పది దాకా అక్కడే చదివింది. ఎక్కువేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే లోకల్ అంటారు కదా, తీరా వైజాగ్‌లో సీటు కోసం వస్తే నాన్ లోకల్ కింద రాశారు. తాత ముత్తాతలంతా అనకాపల్లి మట్టిలో కలిసినవాళ్ళే, పిల్ల మాత్రం సొంతూళ్ళో పరాయిది. బుజ్జికి అయిదు నిండబోతున్నాయి. వచ్చే ఏడు ఒకటో తరగతి. ఇప్పుడు ఎక్కడ వేస్తే పిల్ల అక్కడిదైపోతుంది.

కిరణ్ మొండివాడు కాడు. నోటీసు సంగతి చెప్తే ఒక్కటే అన్నాడు.

“పోస్టు నీకొత్తే నేను ఇక్కడే ఉంటాను బిందూ. ఇద్దరి జీతం కలిత్తే బతికేత్తాం. రాలేదనుకో, సోమవారం రైలుకి ముగ్గురం ఎల్లిపోదాం. మళ్ళీ ఏడవకూడదు.”

ఏడవనని తలూపింది.

మర్నాడే వార్డు సచివాలయానికి వెళ్ళింది. కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి బిందుమాధవి కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో, డిగ్రీ చదివి పరీక్ష రాసి వచ్చిన పిల్ల. వేలిముద్ర తీసుకుని స్క్రీన్ వైపు చూసి, కనుబొమలు ముడిచి, ఇంకోసారి వేలు పెట్టమంది.

“అక్కా, మీరు ఈ ఊళ్ళో లేరు,” అంది.

బిందుమాధవి నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. స్క్రీన్ ఇటు తిప్పి చూపించింది. ఏటికొప్పాకలో, తల్లి పైడితల్లి బియ్యం కార్డులో, రెండో పేరుగా ఉంది బిందుమాధవి. ఆధార్‌లో ఇంకా తండ్రి పేరే. కాగితాల లెక్కన ఆమె ఈ ఆరేళ్ళూ ఏటికొప్పాకలో అమ్మ పక్కన కూర్చుని లక్క బొమ్మలకి మెరుగు పెడుతూనే ఉంది. పెళ్ళి కాలేదు, వంతెన దాటలేదు.

పెద్ద కష్టమేమీ కాదని ఆ అమ్మాయే ధైర్యం చెప్పింది. పెళ్ళయినట్టు రుజువొకటి తెస్తే ఆ కార్డులోంచి తీసి అత్తవారింటి కార్డులోకి మార్చవచ్చు. మారడానికి రోజులు పట్టినా, అప్లికేషన్‌కి ఆ రుజువు జత చేస్తే చాలు. మ్యారేజ్ సర్టిఫికెట్టు లేకపోతే శుభలేఖ, పెళ్ళి ఫోటో తెచ్చినా చాలంది. శుక్రవారం ఆఖరు.

శుభలేఖ ఇంట్లోనే ఉందని చెప్పబోయి, నోరు తెరిచి, మూసేసింది బిందుమాధవి.

మెమోలో పుట్టిన తేదీ ఆగస్టు తొమ్మిది, రెండువేల రెండు. శుభలేఖలో ముహూర్తం ఫిబ్రవరి పదహారు, రెండువేల ఇరవై. ఆ రెండిట్నీ ఒక బల్ల మీద పక్కపక్కన పెడితే, బల్లకి అవతల కూర్చున్నవాళ్ళెవరైనా మనసులో తీసివేత చేసేస్తారు. పదిహేడేళ్ళ ఆరు నెలలు. ఉద్యోగానికి అర్హత తెచ్చేది ఆ మెమోయే, పట్టిచ్చేదీ ఆ మెమోయే.

ఆ మాఘమాసం ఆమె ఇంటర్ రెండో ఏడు. హాల్ టికెట్టు చేతికొచ్చిన రోజునే నాన్నని వైజాగ్ కేజీహెచ్ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆయన ఊపిరి పీల్చుకునే చప్పుడు వీధిలోకి వినిపించేది. పిల్ల మెడలో తాళి చూడాలని ఆయన అడగలేదు. ఆయన తరఫున ఆయన అక్క అప్పలకొండమ్మ అడిగింది. తమ్ముడి కూతుర్ని తన కొడుక్కి చేసుకోవడం ఎప్పటినుంచో అనుకున్నదే కదా, నాలుగు నెలల తర్వాత చేసేది ఇప్పుడే చేస్తే తమ్ముడు చూసుకుని పోతాడంది. పరీక్షలు అత్తవారింటి నుంచి రాసుకోవచ్చంది. పరీక్ష మార్చి అయిదున. ఆ రోజు నాన్న మంచం దగ్గర వాంతి ఎత్తుతూ బిందుమాధవి గడియారం చూసింది. తొమ్మిది దాటింది. ఇంక చూడలేదు. ఆ నెలలోనే దేశమంతా తలుపులు వేసుకుంది, ఆ తర్వాతి నెలలో నాన్న పోయాడు, డిసెంబరులో బుజ్జి పుట్టింది. కార్డు మార్చుకోవడానికి అప్పట్లోనే ఎందుకు వెళ్ళలేదంటే, వయసడుగుతారని. పద్దెనిమిది నిండాక వెళ్దామనుకున్నారు. నిండాక కూడా పెళ్ళి తేదీ ముందుకి జరగదని అప్పుడెవరికీ తట్టలేదు.

సచివాలయం నుంచి ఇంటికి రాకుండా బిందుమాధవి నేరుగా మెయిన్ రోడ్డులో పరదేశి నెట్ సెంటర్‌కి వెళ్ళింది. పరదేశికి యాభై ఏళ్ళుంటాయి. పేటలో సగం మందికి ఆధార్లూ పాన్‌కార్డులూ ఆ కొట్లోంచే వచ్చాయి. అతను ఆమె చెప్పింది వింటూ ఇంకెవరివో జిరాక్సులు తీస్తూనే ఉన్నాడు. విన్నాక అడిగాడు, పద్దెనిమిది ఎప్పుడు నిండాయని. రెండువేల ఇరవై ఆగస్టు తొమ్మిదికని చెప్పింది.

“అయితే ఆగస్టు ఇరవైన పెళ్ళయిందని రాసేద్దాం,” అన్నాడు చల్లగా. “లాక్‌డౌన్ పెళ్ళి. అప్పుడు శుభలేఖలేవీ, భోజనాలేవీ, ఫోటోగ్రాఫరేడీ? ఎవుడూ అడగడు. పెద్దోళ్ళ సంతకం ఒకటి పెట్టించి నోటరీ చేయించీడమే. నీ ఒక్కదానికేటమ్మా, నాను ఇలాటివి పదో పన్నెండో రాసేను. ఆ కరోనా ఎంతమందికి పెళ్ళి చేసిందో నీకు తెల్దు.”

బిందుమాధవి నవ్వబోయింది. అప్పుడే వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. డిసెంబరు నాలుగున బుజ్జి. వేళ్ళు నాలుగు దగ్గర ఆగిపోయాయి. పరదేశి ఆ చేతినే చూస్తున్నాడు.

“అది మరి నీ ఇష్టం,” అన్నాడు. “పద్దెనిమిదికి ముందు రాత్తే కేసు మీ అత్త మీదికెళ్తుంది. ఎనకెయ్యబోతే మాట పిల్ల మీదికొత్తుంది. మధ్యలో జాగా లేదు తల్లీ.”

సాయంత్రం అప్పలకొండమ్మ బెల్లం మార్కెట్ నుంచి వచ్చేసరికి బిందుమాధవి గుమ్మంలోనే నిలబడి ఉంది. మార్కెట్లో బెల్లం దిమ్మలకి గోనె చుట్టే కూలి పని అత్తది. ఎంత కడుక్కున్నా చేతుల్లో ఆ పాకం వాసన పోదు. కాళ్ళు కడుక్కోనిచ్చి, టీ ఇచ్చి, అప్పుడు చెప్పింది. చెప్పడానికి నాలుగు వాక్యాలే పట్టాయి, కానీ మధ్యలో రెండుసార్లు బుజ్జిని పిలిచి ఎక్కడుందో చూసుకుంది.

అత్త ముందు అర్థం కానట్టు వింది. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టేసింది. తమ్ముడి మంచం పక్కన, అయిదుగురు ముత్తయిదువుల మధ్య, అందరూ చూస్తుండగా జరిగిన పెళ్ళిని దొంగపెళ్ళి చేస్తారా అని మొదలుపెట్టింది. బెల్లం మార్కెట్లో తను తలెలా ఎత్తుకోవాలి, రేపు పిల్ల పెద్దదై ఆ కాగితం చదువుకుంటే దానికేం సమాధానం చెప్తారు అంది. చదువుకున్నవాళ్ళకి సిగ్గుండదు కాబోలు అని కూడా అంది.

“నాకు చదువెక్కడుందత్తా,” అంది బిందుమాధవి. “ఉంటే ఈ గోలెందుకు.”

గొంతు పెంచి అన్నది కాదది. అయినా అప్పలకొండమ్మ కింద పెట్టిన గ్లాసు మళ్ళీ తీసుకుంది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి సైకిల్ స్టాండు వేస్తున్న కిరణ్ అమ్మ వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, లోపలికి పోయి చొక్కా మార్చుకోవడానికి మామూలుగా పట్టే టైముకి మూడింతలు తీసుకున్నాడు. బయటికొచ్చి, హైదరాబాద్‌లో ఈ తలనొప్పులేవీ ఉండవని, ఫిట్టర్‌ని పని వచ్చా అనే అడుగుతారు గానీ పెళ్ళెప్పుడైందని అడగరని అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే బిందుమాధవికి కోపం తెప్పించింది. తనని ఎవరూ ఏమీ అడగని చోటికి పోతే, తనకి వచ్చినదేమిటో కూడా ఎవరూ అడగరు. నాలుగు గోడల గది, అద్దె, బుజ్జి బడి బస్సు, డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైన మొగుడు. అక్కడా గడియారమే చూస్తూ కూర్చోవాలి.

మర్నాడు గురువారం. పొద్దున్నే పనికి పోవలసిన అప్పలకొండమ్మ పోలేదు. ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. బుజ్జికి జడ వేస్తున్న కోడలితో, ఎటో చూస్తూ అంది.

“ఆ పరదేశిగాడి కాడికి పద. ఏలెక్కడెయ్యాలో సెప్పమను, ఏసేత్తాను.”

“మార్కెట్లో అంటారేమో అత్తా.”

“అననీ. నాలుగు నెలలకి బిడ్డేటని ఎవుడైనా అడిగితే, మా బుజ్జి గుంట తొందర మనిషి, దేనికీ ఆగదని సెప్తాను.” తర్వాత చిన్నగా అంది, “ఆయాల పరీచ్చకి నన్ను తోడు రమ్మని నువ్వడిగేవు. నాను ఇన్నాను. ఇననట్టు ఊరుకున్నాను.”

బిందుమాధవి జడ సగంలో ఆపేసింది. ఆరేళ్ళలో ఆ మాట అత్త నోట రావడం అదే మొదటిసారి. రబ్బరు బ్యాండు కోసం వెతికింది. అది ఆమె చేతికే ఉంది.

కాగితం తయారైంది. అందులో అప్పలకొండమ్మ వేలిముద్ర నీలంగా, పెద్దగా, కాగితంలో అన్నిటికన్నా నిజమైనదిలా కనిపించింది. ఇంటికి తిరిగొస్తూ ఆటోలో బిందుమాధవి దాన్ని చదువుకుంది. రెండువేల ఇరవై, ఆగస్టు ఇరవై. ఆ తేదీకి ముందరి రోజులన్నీ అప్పుడు మెల్లగా మారిపోయినట్టనిపించింది ఆమెకి. ఈ కాగితం ప్రకారం ఆ మార్చిలో తనకి పెళ్ళి కాలేదు. మంచం పక్కన వాంతి ఎత్తే కొత్త పెళ్ళికూతురు లేదు. ఏటికొప్పాకలో అమ్మ దగ్గరుండే ఒక పిల్ల, కన్నెపిల్ల, హాల్ టికెట్టు చేతిలో పట్టుకుని ఉంది. అలాంటి పిల్ల పరీక్షకి ఎందుకు వెళ్ళలేదు మరి? ఆ ప్రశ్న ఆటో దిగాక కూడా వదల్లేదు.

శుక్రవారం అప్లికేషన్ ఇచ్చేసింది. ఇంటర్వ్యూ శనివారమే పెట్టారు. పక్క మండలాల సెంటర్లు కూడా కలిపి ఒకే రోజు. చీడికాడ నుంచి, నక్కపల్లి నుంచి వచ్చిన కోడళ్ళంతా ఆఫీసు వరండాలో వరసగా కూర్చున్నారు. కొందరి ఒళ్ళో చంటిపిల్లలు. ఒకామె కాగితాలు విసనకర్రలా ఊపుకుంటోంది. ఆమెకి డిగ్రీ ఉందని తెలిసినప్పటినుంచీ అందరూ ఆమె వైపే చూస్తున్నారు. బిందుమాధవి కవరు విప్పి చూసుకుంది. నాలుగు కాగితాలు. హాల్ టికెట్టు ఎందుకు తెచ్చావని తననే తిట్టుకుంది. తీసి, కిరణ్‌తో బుజ్జితో కలిసి తోడొచ్చిన అత్త చేతికిద్దామనుకునేలోగా పేరు పిలిచారు.

లోపల బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న ఆఫీసరమ్మకి కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. ఆవిడే చెయ్యి చాచింది. ఏది ముందివ్వాలో ఎంచకుండా కవరు మొత్తం ఇచ్చేసింది బిందుమాధవి.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మెమో చూసి, మార్కులు బాగున్నాయని పక్కావిడకి చూపించింది. నోటరీ కాగితం చూసి పక్కన పెట్టింది. తర్వాత హాల్ టికెట్టు విప్పింది. అది మడత దగ్గర చిరిగి రెండు ముక్కలుగా ఆవిడ చేతుల్లోకి వచ్చింది. ఆవిడ నొచ్చుకుంటూ రెండు ముక్కల్నీ బల్ల మీద జాగ్రత్తగా దగ్గర చేసి పెట్టింది. దాని మీద, రెండు జడలు వేసుకుని, కెమెరా వైపు భయంగా చూస్తున్న పిల్ల.

“ఇది రెండో సంవత్సరానిది కదమ్మా. రాయలేదా?”

“లేదండి.”

“పెళ్ళి ఆగస్టులో అయిందని రాశారు. పరీక్షలు మార్చిలో. ఇన్ని మార్కులొచ్చిన దానివి, చేతిలో హాల్ టికెట్టు పెట్టుకుని ఎందుకు వెళ్ళలేదు?”

ఆవిడ పట్టుకోవాలని అడిగినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అదే కష్టమైంది. బిందుమాధవి దగ్గర జవాబులున్నాయి, రెండు రాత్రులు వాటినే తిప్పి తిప్పి చూసింది. ఒంట్లో బాగోలేదని చెప్పవచ్చు. చదువు మీద మనసు పోయిందని చెప్పవచ్చు. ఆ రెండో మాట నాలిక చివరిదాకా వచ్చింది. బల్ల మీద నుంచి ఆ రెండు జడల పిల్ల చూస్తోంది. మనసు పోయిందట ఆ పిల్లకి. ఇంట్లో కరెంటు లేనప్పుడు మిద్దె మీద వీధిదీపం వెలుగులో చదివిన పిల్లకి.

“ఆ పరీక్ష రోజుకి నాకు పెళ్ళయి పద్దెనిమిది రోజులైందండి,” అంది.

పక్కన కూర్చున్నాయన పెన్ను టోపీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆఫీసరమ్మ మెమో మీది పుట్టిన తేదీ చూసింది. తీసివేత చేసినట్టుంది. నోటరీ కాగితాన్ని వేలితో కొంచెం దూరం జరిపింది.

“ఈ పోస్టులో చేసే పనులేంటో తెలుసా నీకు?”

పిల్లల బరువు చూడటం, గుడ్లూ పాలూ ఇవ్వడం, బాలింతల పేర్లు రాయడం, అక్షరాలు నేర్పడం అని వరసగా చెప్పింది బిందుమాధవి. దీవెనమ్మ గారి దగ్గర చూసినవన్నీ చెప్పింది. ఆవిడ ఇంకొకటుందన్నట్టు చూస్తూనే ఉంది.

“పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్ళి చేస్తున్నారని తెలిస్తే ముందుగా మాకు ఫోన్ చెయ్యాల్సింది నువ్వే. తెలిసినవాళ్ళే ఉంటారు. పిన్నులు, అత్తలు. ఏం చేస్తావు?”

బిందుమాధవికి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడతాను, చట్టం గురించి చెప్తాను అనాలని తెలుసు. వరండాలో డిగ్రీ ఆమె అవే బట్టీ పడుతోంది.

“ముందు ఆ పిల్ల హాల్ టికెట్టు ఎక్కడుందో అడుగుతానండి,” అంది. “అది తీసుకుని నా దగ్గర పెట్టుకుంటాను. పరీక్ష రోజు పొద్దున్న నేనే ఆ ఇంటికెళ్తాను. ఫోన్ కూడా చేస్తానండి. కానీ ఆ రోజు ఎవరో ఒకరు గుమ్మంలోకి రావాలండి. అది చాలు.”

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి ఛాతీ మీదికి వదిలేసింది. హాల్ టికెట్టు ముక్కల్నీ, వాటి పైన నోటరీ కాగితాన్నీ వెనక్కి ఇచ్చింది.

“ఈ నోటరీ నేను తీసుకోను,” అంది. “అబద్ధపు తేదీ మీద నీకు పోస్టిస్తే, రేపు నువ్వు ఎవరింటికీ వెళ్ళలేవు. నువ్వు ఈ ఊరి కోడలివా కాదా అన్నదే నేను చూడాలి. పెళ్ళి ఎప్పుడైందో అప్పుడే అయిందని రాసి, శుభలేఖ జత చేసి ఇవ్వు. సాయంత్రం అయిదు దాకా ఇక్కడే ఉంటాను. దాని వల్ల మీ వాళ్ళకి ఇబ్బంది వస్తుందా రాదా అంటే, రాదని మాటివ్వలేను. పోస్టు నీకే వస్తుందని కూడా చెప్పలేను. ఆలోచించుకో.”

బయటికొచ్చేసరికి కిరణ్ బుజ్జికి బెల్లం జీడీల పొట్లం విప్పుతున్నాడు. అప్పలకొండమ్మ మెట్ల మీద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పెళ్ళాం మొహం చూడగానే కిరణ్ జేబులోంచి ఫోన్ తీశాడు, దేవీప్రసాద్‌కి చెప్పడానికేనేమో. బిందుమాధవి అతన్ని ఆగమని, జరిగింది జరిగినట్టు చెప్పింది. దాచడానికి ఓపిక లేకపోయింది.

కిరణ్ ఫోన్ మళ్ళీ జేబులో పెట్టేశాడు. తర్వాత, ఇది తన సంగతో, బిందుమాధవి సంగతో కాదని, అమ్మ సంగతని అన్నాడు. కేసంటూ వస్తే మొదట అమ్మనే పిలుస్తారు. పెళ్ళికొడుకుగా తననీ పిలుస్తారు. తనకి ఫర్వాలేదు. వద్దంటే ఇప్పుడే ఇంటికి పోయి సామాను సర్దుకుందాం, ఎవరి జోలికీ పోనక్కర్లేదు అన్నాడు. అన్నాడే గానీ కదల్లేదు. అమ్మ ఏమంటుందా అని చూస్తున్నాడు.

అప్పలకొండమ్మ కోడలి చేతిలో ఉన్న చిరిగిన హాల్ టికెట్టు అడిగి తీసుకుంది. చదవడం రాదామెకి. ఫోటో మీద బొటనవేలు ఆనించి చూసింది. ఆ వేలికి ఇంకా నోటరీ ఇంకు మరక ఉంది.

“పోలీసోళ్ళు కొడతారేటే?”

“తెలీదత్తా. కొట్టరనుకుంటాను. అడుగుతారు.”

“అడిగితే సెప్తాను. నా తమ్ముడు పోతన్నాడు, సేసేను. తప్పే. సేసేను.” లేచి చీర దులుపుకుంది. “నూకాలమ్మ పటం ఎనక ఉంది సుబలేక. పసుపు రాసి దాసేను, సెదలట్టకుండా. ఆటో పిలు కిరణా. అయిదంటే ఎంతో టైము లేదు.”

ఆటోలో బుజ్జి వాగుతూనే ఉంది. అమ్మకీ నాన్నకీ పెళ్ళెప్పుడని అడిగింది ఆ పిల్ల. తనని ఎందుకు తీసుకెళ్ళలేదని అలిగింది. ఏమని చెప్తావన్నట్టు కిరణ్ పెళ్ళాం వైపు చూశాడు. నువ్వు అప్పటికి పుట్టలేదని చెప్పింది బిందుమాధవి. అది నిజం. చెప్పాక ఆ నిజం ఎంత తేలిగ్గా ఉందో అని ఆశ్చర్యపోయింది.

నాలుగున్నరకి తిరిగొచ్చారు. పసుపు మరకల శుభలేఖని ఒళ్ళో పెట్టుకుని, తెల్లకాగితం మీద బిందుమాధవి స్వయంగా రాసింది. పరదేశి దగ్గరికి వెళ్ళడానికి టైము లేదు, వెళ్ళాలనీ లేదు. పేరు, ఊరు, అత్తవారిల్లు. తేదీ దగ్గర పెన్ను ఒకసారి ఆగింది. వెనక నుంచి అత్త ఊపిరి మెడకి తగులుతోంది. ఫిబ్రవరి పదహారు, రెండువేల ఇరవై అని రాసి, వయసెంత అని ఎవరూ అడగకపోయినా పక్కనే రాసింది. పదిహేడున్నర.

వరండాలో డిగ్రీ ఆమె ఇంకా ఉంది. కిరణ్ ముందుజాగ్రత్తగా తీసుంచిన సోమవారం రైలు టికెట్లు అతని ఫోన్లో ఇంకా అలాగే ఉన్నాయి. రద్దు చెయ్యనా అని అతను అడిగాడు. ఇంకా వద్దంది బిందుమాధవి. మరి ఉంచనా అన్నాడు. దానికీ తలూపలేకపోయింది. కాగితం, శుభలేఖ, ముక్కలైన హాల్ టికెట్టు ఒకదాని మీద ఒకటి సర్దుకుని, తలుపు దగ్గరికి నడిచింది. గోడ గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈసారి చూసి ఆగలేదు.